లోఖ్ చుట్టూ సైకిల్: అవతలి ఒడ్డు చూసి ఎంచుకోండి

స్కాట్లండ్‌లో గ్లెన్ అఫ్రిక్ అనే లోయలో, లోఖ్ (ఇక్కడ సరస్సుని అలా అంటారు) ఉత్తరపు ఒడ్డున, రెండో వాగు దగ్గర మేం వెనక్కి తిరిగాం. అక్టోబరు నెల. అంతకు ముందు రెండు రోజులు ఆగకుండా వాన. మ్యాపులో సన్నటి నీలం గీతలా ఉన్న ఆ వాగు మోకాలు దాటి, రాళ్ళను దొర్లించుకుంటూ పారుతోంది. సైకిళ్ళు భుజాన వేసుకుని దాటేద్దామన్నాడు నాతో వచ్చిన స్నేహితుడు. నేను వద్దన్నాను. వచ్చిన దారినే, బురదలో సైకిళ్ళు తోసుకుంటూ కారు దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. నీళ్ళకి అవతల, దక్షిణపు ఒడ్డున, చక్కటి కంకర బాట ఆ చివర నుంచి ఈ చివర దాకా కనబడుతూనే ఉంది. మేం ఆ దారి ఎంచుకున్నది ఫొటోలు చూసి. ఫొటోలన్నీ ఆ మంచి ఒడ్డు మీద తీసినవే.

అప్పటి నుంచి ఎవరు ఏ లోఖ్ పేరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: రెండు ఒడ్లలో అధ్వాన్నమైన ఒడ్డు ఎలా ఉంటుంది? ఊళ్ళో చెరువు చుట్టూ తిరిగి పెరిగిన వాళ్ళం కాబట్టి నీళ్ళ చుట్టూ గట్టు ఉంటుందని, గట్టు మీద బండి బాట ఉంటుందని మనసు ముందే అనుకుంటుంది. లోఖ్ అలాంటిది కాదు. (చివరి అక్షరం గొంతులోంచి, మన 'ఖ'కి దగ్గరగా పలుకుతారు.) హిమానీనదాలు కొండల మధ్య కోసుకుంటూ పోయిన పొడవాటి లోయల్లో నిలిచిన నీళ్ళు ఇవి. చాలాచోట్ల కొండ నేరుగా నీళ్ళలోకి దిగిపోతుంది. రోడ్డు ఒక పక్కనే పడుతుంది. రెండో పక్కన గొర్రెలు నడిచిన జాడో, ఊబి నేలో, పైన్ వేర్లు అల్లుకున్న కాలిబాటో ఉంటుంది. మీ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఆ రెండో పక్కే.

గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్, డండీలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు నన్ను తరచూ అడిగే లోఖ్‌లే ఇక్కడ తీసుకున్నాను. ఒకటి తప్ప అన్నీ నేను తిరిగినవే. ఆ ఒకదాన్ని చుట్టూ తిరగొద్దనే చెబుతున్నాను.

మొదటిసారి, పిల్లలతో: లోఖ్ కాట్రిన్

ట్రోసాక్స్ కొండల్లో ఉంది. ఉత్తరపు ఒడ్డు పొడవునా, ట్రోసాక్స్ పియర్ (పడవల రేవు) నుంచి స్ట్రోనాఖ్‌లాఖర్ దాకా, సుమారు 21 కి.మీ. తారు రోడ్డు. నీటి సంస్థ బండ్లు, అక్కడ ఉండే కొద్దిమంది కార్లు తప్ప వేరే వాహనాలు రావు. పియర్ దగ్గరే సైకిళ్ళు, ఎలక్ట్రిక్ సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి. తారు రోడ్డే కాబట్టి మౌంటెన్ బైక్ అక్కర్లేదు, హైబ్రిడ్ (రోడ్డుకీ, మంచి బాటకీ పనికొచ్చే సైకిల్) చాలు. అయితే చదునుగా ఉంటుందనుకోవద్దు. చిన్న చిన్న ఎత్తులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, పదేళ్ళ పిల్లలకి సగం దారిలోనే కాళ్ళు లాగేస్తాయి.

ఇక్కడ అవతలి ఒడ్డున సైకిల్ దారి లేదు. చుట్టు పూర్తి చేయాలంటే స్ట్రోనాఖ్‌లాఖర్ నుంచి లోఖ్ ఆర్డ్ పక్కగా అబర్‌ఫోయిల్‌కి వెళ్ళి, అక్కడి నుంచి డ్యూక్స్ పాస్ అనే కనుమ ఎక్కి దిగాలి. మొత్తం దాదాపు 50 కి.మీ. అవుతుంది. డ్యూక్స్ పాస్ ఎక్కుడు గట్టిదే, పైగా కార్లు తిరిగే రోడ్డు. పిల్లలుంటే అటు వెళ్ళొద్దు. పడవ సీజన్‌లో అయితే సైకిళ్ళతో సహా ఒకవైపు పడవలో రావచ్చు, ముందే బుక్ చేసుకోవాలి. నేను ఎవరికైనా చెప్పేది ఉదయం పడవలో స్ట్రోనాఖ్‌లాఖర్ వెళ్ళి, సైకిల్ మీద తిరిగి రమ్మని. స్కాట్లండ్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, కాబట్టి పడమటి నుంచి తూర్పుకి వస్తుంటే చాలా రోజులు గాలి వీపు మీదే ఉంటుంది. పడవ దాటిపోతుందేమోనన్న కంగారు కూడా ఉండదు.

ఈ నీళ్ళంటే నాకు మరో రకమైన ఇష్టం. గ్లాస్గోలో మా వంటింటి కుళాయిలో వచ్చేది ఈ లోఖ్ నీరే. కలరా వచ్చి నగరం తల్లడిల్లిన రోజుల తర్వాత, ఇక్కడి నుంచి కొండల గుండా సొరంగాలు, వంతెనల మీదుగా నీళ్ళు తెచ్చారు. 1859లో విక్టోరియా రాణి ప్రారంభించింది. ఈ తారు రోడ్డు ఇంత బాగా ఉండడానికీ, దీని మీద కార్లు లేకపోవడానికీ కారణం అదే. లోఖ్ తల (వాగులు వచ్చి చేరే పై కొస) దగ్గర గ్లెన్‌గైల్ ఇల్లు దాటుతారు. 1671లో రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ పుట్టింది అక్కడే. పశువుల వ్యాపారి, పోరాటగాడు, ప్రభుత్వం వెంటాడిన మనిషి. దారిలో నీటి అంచున మెక్‌గ్రెగర్ల శ్మశానం కనిపిస్తుంది. సైకిల్ ఆపి కాసేపు నిలబడదగ్గ చోటు.

కారు లేకుండా, అడవిలో: రోథీమర్కస్

రోథీమర్కస్ అడవికి దగ్గరి ఊరు ఎవీమోర్, అక్కడి దాకా రైలుంది. స్టేషన్ బయట అడుగు పెడితే సైకిల్ అద్దె షాపులు. అక్కడి నుంచి ఐదారు కిలోమీటర్ల దూరంలో లోఖ్ ఎన్ ఎయిలాన్, మధ్యలో చిన్న దీవి, దీవి మీద శిథిలమైన కోట. చుట్టూ సుమారు 5 కి.మీ. బాట. రెండు ఒడ్లూ బాగుండే అరుదైన లోఖ్ ఇది. వెడల్పాటి, గట్టి నేల. అక్కడక్కడా వేర్లు, రాళ్ళు, అంతే. మౌంటెన్ బైక్ మీద మట్టి బాటలో తిరగడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఒక్క లోఖ్‌తో ఆపకండి. అక్కడి నుంచి అడవి బాటల్లో కెయిర్న్‌గార్మ్ క్లబ్ 1912లో కట్టిన కాలి వంతెన దాటి లోఖ్ మోర్లిఖ్ దాకా వెళ్ళి, ఎవీమోర్‌కి తిరిగి రావచ్చు. మొత్తం పాతిక కిలోమీటర్ల పైన అవుతుంది. మోర్లిఖ్ ఒడ్డున సముద్ర తీరంలా ఇసుక ఉంటుంది, సముద్ర మట్టానికి 300 మీటర్ల ఎత్తున. వెనక కెయిర్న్‌గార్మ్ కొండల మీద మే నెలలో కూడా మంచు చారలుంటాయి. ఇక్కడి పైన్ చెట్లు ప్లాంటేషన్ వరసలు కావు, పాత కాలపు కాలెడోనియన్ అడవి మిగులు. ఎర్ర ఉడతలు ఇంకా బతుకుతున్నది ఇలాంటి చోట్లే.

ఇబ్బంది ఏమిటంటే జనం. వేసవి ఆదివారాల్లో ముసలివాళ్ళు, కుక్కలు, తోపుడు బండ్లలో పిల్లలు. వేగంగా పోదామని వచ్చిన వాళ్ళకి నచ్చదు. ఉదయం తొమ్మిదికి ముందు వెళ్తే అడవి మీ ఒక్కరిదే.

అబర్డీన్ వాళ్ళకి: లోఖ్ ముయిక్

రాసేది ముయిక్ అయినా పలికేది 'మిక్'. బల్మోరల్ ఎస్టేట్‌లో ఉంది. బాలటర్ ఊరి నుంచి లోయ చివర దాకా ఇరుకు రోడ్డు, సుమారు 14 కి.మీ., అది ఆగిపోయే చోట పార్కింగ్. అక్కడి నుంచి లోఖ్ చుట్టూ 12 కి.మీ. పైచిలుకు. బస్సు బాలటర్ దాకానే కాబట్టి మిగతాది కారో, సైకిలో.

కష్టం, సుఖం సరిగ్గా పాళ్ళలో పడిన చుట్టు ఇది. ముందు తూర్పు ఒడ్డు పట్టుకోండి. మొదట జీపు బాట. తర్వాత ఆ బాట కొండెక్కిపోతుంది, మీరు దాన్ని వదిలి నీటి అంచున సన్నటి కాలిబాటలోకి దిగాలి. ఇక్కడి నుంచి లోఖ్ తలని చుట్టి వచ్చే దాకా రాళ్ళు, నీళ్ళు పారడానికి అడ్డంగా తవ్విన కాలువలు, చిన్న చిన్న వాగులు. కొత్తవాళ్ళు కొన్ని చోట్ల దిగి తోయాల్సి వస్తుంది. తలని చుట్టి పడమటి ఒడ్డుకి వచ్చాక పైన్ చెట్ల గుంపులో ఒక రాతి ఇల్లు. భర్త ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా రాణి ఏకాంతం కోసం 1868లో కట్టించుకున్న గ్లాస్ ఆల్ట్ షీల్. అక్కడి నుంచి కారు దాకా మళ్ళీ వెడల్పాటి బాట. ఎదురుగాలి, రాళ్ళు మొదటి సగంలోనే అయిపోతాయి. ఒంట్లో శక్తి తగ్గేసరికి దారి మెత్తబడుతుంది. మధ్యస్థంగా తొక్కేవాళ్ళకి ఒకే ఒక్క లోఖ్ చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. హార్డ్‌టెయిల్ (ముందు చక్రానికే కుదుపులు తగ్గించే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్) సరిపోతుంది.

ఎర్ర దుప్పుల మందలు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. అక్టోబరులో మగ దుప్పుల అరుపులు లోయంతా మోగుతాయి. ఆ నెలల్లోనే వేట కూడా జరుగుతుంది. ముఖ్యంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎస్టేట్లు దారుల దగ్గర బోర్డులు పెడతాయి, చదివి పాటించండి. లోఖ్ చుట్టూ ఉన్న ప్రధాన బాటలోనే ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, కొండ మీదికి తప్పుకోకూడదంతే.

రైలే రోడ్డు: లోఖ్ ఓషన్

నా మనసున్నది ఇక్కడ, ముందే చెప్పేస్తున్నాను. కొరవర్ స్టేషన్‌కి మామూలు జనం కార్లో వెళ్ళే రోడ్డు లేదు. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్ళే రైలు రానోఖ్ బీడు మధ్యలో, సముద్ర మట్టానికి 408 మీటర్ల ఎత్తున, మిమ్మల్ని దింపి వెళ్ళిపోతుంది. బ్రిటన్ ప్రధాన రైలు మార్గాల్లో ఇంత ఎత్తున ఇంకో స్టేషన్ లేదు. ఈ ఊబి నేలలో 1890లలో రైలు పట్టాలు వేసేటప్పుడు అడుగున చెట్ల కొమ్మలు, వేర్లు, మట్టి పరుచుకుంటూ దాని మీద తేల్చారు. రైలు వెళ్ళిపోయాక కాసేపు చెవులకి ఏమీ వినపడదు. తర్వాత గాలి.

స్టేషన్ నుంచి నీళ్ళు ఒకటిన్నర కిలోమీటరు. అక్కడి నుంచి చుట్టు, తిరిగి స్టేషన్, అన్నీ కలిపి 15 కి.మీ. దాకా. రెండు ఒడ్లలోనూ ఎస్టేటు కంకర బాటలే, పెద్ద ఎత్తులు లేవు. తొక్కడానికి కాట్రిన్ కంటే సులువని కూడా అనవచ్చు. మరి కష్టం ఎక్కడుంది? రైలు వేళల్లో ఉంది. రోజుకి మూడు నాలుగు రైళ్ళే. సైకిల్‌కి టికెట్ డబ్బులు ఉండవు గానీ చోటు చాలా తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. పైగా స్టేషన్ లోఖ్‌కి నైరుతి కొసన ఉంది. వెళ్ళేటప్పుడు గాలి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. వెళ్ళేటప్పుడు అరగంట పట్టిన దూరం వచ్చేటప్పుడు గంట కూడా పట్టవచ్చు, ఆ చివర రైలు మీ కోసం ఆగదు. దగ్గర్లో పంక్చర్ వేసేవాళ్ళు లేరు. రెండు ట్యూబులు, పంపు, చైన్ తెగితే కలిపే లింకు లేకుండా ఇక్కడికి రావద్దు.

రైలు తప్పినా, లేదా ఇష్టపడే ఉండిపోవాలన్నా, లోఖ్ కొసన చిన్న హాస్టల్ ఉంది. ఒకప్పటి పడవ ప్రయాణికుల విశ్రాంతి గదిని అలా మార్చారు. సీజన్‌లోనే తెరుస్తారు, మంచాలు కొన్నే. వీలుంటే ఒక రాత్రి ఉండండి. జూన్‌లో రాత్రి పదకొండుకి కూడా నీళ్ళ మీద వెలుగు ఉంటుంది.

గట్టిగా తొక్కేవాళ్ళకి: అఫ్రిక్

క్యానిఖ్ ఊరి నుంచి రోడ్డు చివర దాకా వెళ్ళి మొదలుపెడితే లోఖ్ చుట్టూ 18 కి.మీ. దూరం చూసి మోసపోవద్దు. దక్షిణపు ఒడ్డున అడవి బాట హాయిగా ఉంటుంది. ఉత్తరపు ఒడ్డున ఉన్నది నడిచేవాళ్ళ దారి: ఊబి, తేలిన రాళ్ళు, దాటాల్సిన వాగులు. ముందు ఎండ కాసిన వారం చూసుకుని వెళ్తే మూడు నాలుగు గంటల అద్భుతం. వాన పడిన వారం అయితే ఉత్తరపు ఒడ్డు జోలికి వెళ్ళకండి, దక్షిణపు ఒడ్డునే వెళ్ళి అదే దారిన వెనక్కి రండి. నేను రెండోసారి అలాగే చేశాను, ఏమీ కోల్పోయినట్టు అనిపించలేదు.

చుట్టూ తిరగాలనుకుంటే కష్టమైన ఉత్తరపు ఒడ్డే ముందు పెట్టుకోవాలి. అప్పుడు శక్తి ఉంటుంది, పగలు ఉంటుంది, వాగు పొంగితే వెనక్కి రావడానికి దూరమూ తక్కువే. మేం ఆ అక్టోబరులో చేసిన ఒక్క మంచి పని అదే. కష్టాన్ని చివరికి పెట్టుకుని ఉంటే, అంతా తిరిగాక చీకట్లో పొంగిన వాగు ముందు నిలబడేవాళ్ళం. వెడల్పాటి టైర్లు కావాలి, ఫుల్ సస్పెన్షన్ (రెండు చక్రాలకీ) ఉంటే మోకాళ్ళు, మణికట్లు బతికిపోతాయి. కానీ సైకిల్ బరువు కూడా చూసుకోండి, కొంతసేపు మోయాల్సింది మీరే. ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ఇక్కడ వద్దు: ఇరవై కిలోల పైన బరువున్న దాన్ని ఊబిలోంచి లాగడం ఒక్కరి పని కాదు.

పేరున్నవి: నెస్, లోమండ్

లోఖ్ నెస్ చుట్టూ ఇప్పుడు గుర్తులు పెట్టిన దారి ఉంది, 129 కి.మీ. సైకిల్ మీద మూడు రోజులు పెట్టుకోండి. లోఖ్ పొడవే 37 కి.మీ., లోతు 230 మీటర్లు. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నీ కలిపినా ఇన్ని మంచినీళ్ళు లేవు. ఇన్వర్‌నెస్, డ్రమ్నడ్రోఖిట్, ఫోర్ట్ అగస్టస్, ఫోయర్స్ ఊళ్ళలో బస దొరుకుతుంది. ఉత్తరం వైపు, ముఖ్యంగా ఇన్వర్‌మొరిస్టన్ చుట్టుపక్కల, ఎక్కుళ్ళు నిట్టనిలువుగా ఉంటాయి, సామాను వేసుకున్న సైకిల్‌ని తోయక తప్పదు. దక్షిణం వైపు నిశ్శబ్దం, ఫోయర్స్ జలపాతం, అలసిపోతే పక్కనే వాహనాలు తక్కువుండే రోడ్డు. మూడు రోజులు లేకపోతే చుట్టు సంగతి వదిలేసి దక్షిణం వైపు ఒక్కటే తొక్కండి. సమయం కలిసొస్తుందని ఉత్తరపు ఒడ్డున ఏ82 రోడ్డెక్కవద్దు. ఇరుకు, మలుపులు, లారీలు.

లోఖ్ లోమండ్ గ్లాస్గోకి దగ్గర కాబట్టి అందరి నోటా ముందు వచ్చే పేరు. పడమటి ఒడ్డున బాలఖ్ నుంచి టార్బెట్ దాకా సుమారు 27 కి.మీ. సైకిల్ దారి బాగుంటుంది. తూర్పు ఒడ్డున రోవార్డెనన్ దాటాక వెస్ట్ హైల్యాండ్ వే అన్నది బండరాళ్ళ మీద పాకే కాలిబాట. సైకిల్‌తో అది రైడ్ కాదు, మోత. చుట్టూ తిరగొద్దన్న లోఖ్ ఇదే.

మిగిలిన సంగతులు

సొంత సైకిల్ కొనాలా, అద్దెకి తీసుకోవాలా అంటే, ఏడాదికి నాలుగైదు సార్లకి మించి వెళ్ళనివాళ్ళు అద్దెకి తీసుకోవడమే మేలు. కొనేటట్టయితే మంచి డిస్క్ బ్రేకులు, 2.2 అంగుళాలు లేదా అంతకు మించిన టైర్లున్న హార్డ్‌టెయిల్ పైన చెప్పిన దాదాపు అన్నిటికీ పనికొస్తుంది. అదే డబ్బుకి నాసిరకం ఫుల్ సస్పెన్షన్ తీసుకోవద్దు. మడ్‌గార్డులు పెట్టించండి. ఇక్కడ ముసురు పట్టనవసరం లేదు, నేలే తడిగా ఉంటుంది.

దారి హక్కు గురించి చాలామంది భయపడతారు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు ఎస్టేటు భూమిలోనూ బాధ్యతగా నడిచే, సైకిల్ తొక్కే హక్కు అందరికీ ఉంది. ఇంగ్లండ్‌లో ఇంత స్వేచ్ఛ లేదు. బాధ్యత అంటే నడిచేవాళ్ళకి దారివ్వడం, గేటు ఎలా ఉంటే అలాగే వదలడం, తడి నేలలో బ్రేకులు బిగించి గాడులు చేయకపోవడం.

కాలం విషయంలో నా ఓటు మే నెలకి, తర్వాత సెప్టెంబరుకి. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జీలు, కంటికి ఆనని చిన్న ఈగలు, గాలి పడిపోయిన సాయంత్రం ముఖమంతా కమ్మేస్తాయి. తొక్కుతున్నంతసేపూ పర్లేదు, పంక్చర్ వేయడానికి ఆగినప్పుడే నరకం. తలమీదుగా వేసుకునే వల టోపీ జేబులో ఉంచుకోండి. గడ్డిలో కూర్చుంటే పిడుదులు పడతాయి. ఇంటికి వచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర వెతికి తీసేయాలి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. డిసెంబరులో పగలు సుమారు ఏడు గంటలే, కాట్రిన్ తప్ప మిగతావి అప్పుడు వద్దు.

ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి. ఎండగా ఉన్న రోజైనా, చెమట పట్టినా, నీళ్ళలోకి దూకొద్దు. కృష్ణలోనో గోదావరిలోనో ఈత నేర్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. నడి వేసవిలో కూడా లోఖ్ నీళ్ళు ఊపిరి ఆగేంత చల్లగా ఉంటాయి, చాలాచోట్ల ఒడ్డు నుంచి రెండడుగుల్లోనే లోతు పడిపోతుంది. 2024లో స్కాట్లండ్‌లో ఒక జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీట మునిగి చనిపోయారు. ఆ వార్త విన్న రోజు ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఎవరికీ అన్నం సహించలేదు. తడి రాళ్ళ మీద సెల్ఫీలు కూడా వద్దు. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి పోలీసులని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. ఓషన్, అఫ్రిక్, ముయిక్ లోయల్లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో రూమ్మేట్‌కి చెప్పి బయల్దేరండి.

తిండికి పులిహోర కంటే మంచిది నాకు దొరకలేదు. పొద్దున కలిపింది సాయంత్రం దాకా పాడవదు, వణికే చేతులతో కూడా తినొచ్చు. ఫ్లాస్కులో టీ.

ఈ వారాంతానికే ఎవరైనా ఎంచుకోవాల్సి వస్తే ఇలా చెబుతాను. ఎప్పుడూ మట్టి బాట తొక్కలేదు, కారు లేదు: ఎవీమోర్ రైలెక్కండి. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉన్నారు: కాట్రిన్, వాళ్ళని పడవ ఎక్కించి మీరు సైకిల్ మీద రండి, పియర్ దగ్గర కలుసుకోవచ్చు. అబర్డీన్‌లో ఉన్నారు, కాస్త తొక్కడం వచ్చు: ముయిక్, తూర్పు ఒడ్డు ముందు. ఓషన్‌కైతే ఈ వారాంతం కుదరకపోవచ్చు. రైల్లో సైకిల్ చోటు, హాస్టల్లో మంచం రెండూ ఒకే తేదీకి దొరకాలి. ముందు సైకిల్ చోటు చూడండి, అది దొరికిన తేదీకే మంచం అడగండి.